చైన్ సా విప్పి కట్టడం, పవర్ పెంచడం: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్‌లో మా షెడ్డుకు వచ్చే చైన్ సాలు ముఖ్యంగా మూడు రకాలు. నర్సంపేట, పరకాల వైపు రైతులు తెచ్చేవి 58 సీసీ చైనా మిషన్లు. నీలగిరి తోటలు కాంట్రాక్టుకు కొట్టేవాళ్లవి స్టిల్ ఎంఎస్ 382 లాంటి పెద్దవి. ఇంటి వెనక కొమ్మలు కొట్టుకునేవాళ్లవి ఎంఎస్ 180 సైజు చిన్నవి. మిషన్ ఏదైనా మొదటి మాట మాత్రం ఒకటే: పవర్ పెంచాలి. అవే జవాబులు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది, అందుకే ఇక్కడ రాసి పెడుతున్నాను. ప్రశ్నల్ని అడిగినోళ్ల మాటల్లోనే ఉంచాను.

అన్నా, కొత్తగున్నప్పుడు మస్తు కోసేది. ఇప్పుడు గుంజుతలేదు. ఏమన్న జేసి పవర్ పెంచుతవా?

పెంచే సంగతి తర్వాత. ముందు ఉన్న పవర్ ఎటు పోయిందో చూడాలి. ఇలా అడిగేవాళ్లలో చాలామందికి నేను ఇంజన్ ముట్టకుండానే మిషన్ తిరిగిచ్చేస్తాను. చైన్ రాసి ఇస్తే అయిపోతుంది.

కోసేటప్పుడు కింద రాలేది చూడండి. పెచ్చుల్లా రాలితే చైన్ బాగుంది. పిండిలా రాలితే పన్ను కోయడం లేదు, రుద్దుతోంది. అప్పుడు ఇంజన్‌కు ఎన్ని హంగులు చేసినా దండగే. మన దగ్గర చైన్లు తొందరగా మొద్దుబారడానికి కారణాలున్నాయి. టేకు మెత్తగా తెగుతున్నట్టే ఉంటుంది గానీ దాని కట్టెలో సిలికా ఉంటుంది, అంటే సన్న ఇసుక లాంటిదే. అది అంచును తినేస్తుంది. పొలం గట్టు మీది తుమ్మను మొదలుకంటా కోస్తే బెరడులో ఇరుక్కున్న మట్టి ఇంకా అన్యాయం. ఎండిన చింత, నల్లమద్ది సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఆకురాయి సైజు చైన్‌ను బట్టి ఉంటుంది. చిన్న మిషన్ల మీది 3/8 లో ప్రొఫైల్ చైన్‌కు 4 మిల్లీమీటర్లది, 58 సీసీ మీద వచ్చే .325 చైన్‌కు 4.8ది, పెద్ద మిషన్ల 3/8 చైన్‌కు 5.2 లేదా 5.5ది. అడ్డంగా కోసే పనికి 30 డిగ్రీల వాలు. మనవాళ్లు మరిచిపోయేది పన్ను ముందుండే బుడిపెను. అది పన్ను కొస కంటే 0.65 మిల్లీమీటర్లు కిందికి ఉండాలి. పన్నును రాసి రాసి తగ్గించి బుడిపెను అట్లాగే వదిలేస్తే పన్ను కట్టెను అందుకోదు. కోపం వచ్చి బుడిపెను మరీ దింపేస్తే చైన్ కట్టెను కరిచి పట్టుకుంటుంది, మిషన్ చేతుల్లోంచి ఎగురుతుంది.

చైన్ తర్వాత ఎయిర్ ఫిల్టర్, ఆ తర్వాత సైలెన్సర్ మూతిలో ఉండే చిన్న జాలీ. ఆయిల్ ఎక్కువ పోసి వాడిన మిషన్లలో ఆ జాలీ మసితో పూర్తిగా మూసుకుపోయి ఉంటుంది. వైర్ బ్రష్‌తో రుద్దితే చాలు, మిషన్‌కు ప్రాణం లేచి వస్తుంది.

కంప్రెషన్ ఉందో లేదో ఇంట్ల ఎట్ల తెలుస్తది?

తాడు పిడి పట్టుకుని మిషన్‌ను గాలిలో వేలాడదీయండి. స్విచ్ ఆఫ్‌లో ఉండాలి సుమా. ఆగి ఆగి, మెట్టు మెట్టుగా కిందికి దిగితే కంప్రెషన్ ఉన్నట్టు. బావిలో బొక్కెన వదిలినట్టు సర్రున జారితే రింగులు పోయినట్టే.

లెక్క కావాలంటే గేజ్ పెట్టాలి. ప్లగ్ విప్పి, గేజ్ బిగించి, రేసు పూర్తిగా నొక్కి, ముల్లు ఆగేదాకా ఆరేడు సార్లు గుంజాలి. 130 నుంచి 150 పీఎస్ఐ వస్తే ఇంజన్ ఆరోగ్యంగా ఉంది. 110 దాటకపోతే వేడెక్కినాక స్టార్ట్ కావడానికి సతాయిస్తుంది. 90 వస్తే విప్పాల్సిందే. ఒక చిక్కుంది. బైక్ మెకానిక్‌ల దగ్గరుండే పొడుగు పైపు గేజ్ చైన్ సాకు పెడితే తక్కువ చూపిస్తుంది. ఈ ఇంజన్ తలలో ఉండే ఖాళీయే చెంచాడు, దానికి పైపులో ఉన్న ఖాళీ కూడా కలుస్తుంది. వాల్వ్ ప్లగ్ కొస దగ్గరే ఉన్న గేజ్ కావాలి.

పిస్టన్ పట్టేసింది. స్ప్లెండర్‌కు కొట్టించినట్టు బోర్ కొట్టించి ఓవర్ సైజ్ పిస్టన్ వేద్దామా?

కుదరదు. లేత్ షాపుకు తీసుకెళ్లి డబ్బులు పోగొట్టుకున్నవాళ్లను చూశాను. స్ప్లెండర్ సిలిండర్‌లో ఇనుప స్లీవ్ ఉంటుంది, కొంత గీకినా కింద ఇనుమే. చైన్ సా సిలిండర్ మొత్తం అల్యూమినియం. లోపలి గోడ మీద నికాసిల్ లేదా క్రోమ్ పూత జుట్టు మందంలో ఉంటుంది, అంతే. బోరింగ్ మిషన్ పెడితే మొదటి చుట్టుకే ఆ పూత పోయి కింద మెత్తటి అల్యూమినియం తేలుతుంది. దాని మీద పిస్టన్ పది నిమిషాలు కూడా నిలవదు.

కానీ నిరాశ పడొద్దు. పట్టేసిన సిలిండర్ లోపల కనిపించే గీతలు అన్నీ గీతలు కావు. చాలావరకు అది పిస్టన్ నుంచి కరిగి గోడకు అంటుకున్న అల్యూమినియం. పూతకు ఏమీ కాదు, మీద మురికి పట్టినట్టు. దాన్ని తీయడానికి బాత్రూమ్ కడిగే యాసిడ్ చాలు, అది హైడ్రోక్లోరిక్ యాసిడే. దూది పుల్లను ముంచి అంటుకున్న చోట మాత్రమే అద్దాలి. బుసబుస పొంగితే అల్యూమినియం కరుగుతోందని అర్థం. తుడిచి మళ్లీ అద్దాలి. పొంగు ఆగిందంటే కింద పూత తగిలింది. పోర్టు (సిలిండర్ గోడలో గాలి వచ్చిపోయే కిటికీ) అంచుల దగ్గర, పూత లేని చోట యాసిడ్ పడితే అసలు సిలిండర్‌నే తినేస్తుంది, కాబట్టి తొందర పనికిరాదు. చివరికి సోడా కలిపిన నీళ్లతో కడిగి, ఆరబెట్టి, సన్న ఎమెరీ పేపర్‌తో అడ్డదిడ్డంగా తేలిగ్గా రుద్ది, ఆయిల్ పూయాలి. ఇదంతా ఆరుబయట, గ్లవ్స్, అద్దాలు పెట్టుకుని చేసే పని. ఆ పొగ పీల్చొద్దు, బ్లీచింగ్ దగ్గర్లో ఉండొద్దు.

కడిగినాక గోరుతో గీరి చూడండి. గోరు పట్టుకునే గీత ఉన్నా, గోధుమ రంగు మచ్చలా పూత లేచిపోయినా, ఇక ఆ సిలిండర్ తీసి పక్కన పెట్టి సిలిండర్, పిస్టన్, రింగులు కలిసి వచ్చే కిట్ కొనాలి.

కొత్త పిస్టన్ కిట్ వేయించి వారం తిరగలే, మళ్ల పట్టింది. కిట్ డూప్లికేటా?

కావచ్చు. కానీ నేను ముందు అనుమానించేది కిట్‌ను కాదు, మొదటి పిస్టన్ ఎందుకు పట్టిందో ఎవరూ చూడకపోవడాన్ని. జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా గోలీ వేసినట్టు ఉంటుంది ఇది.

పాత పిస్టన్ పారేయకుండా తెచ్చి చూపించండి, అదే కథంతా చెబుతుంది. సైలెన్సర్ వైపు మాత్రమే గీతలుంటే మిక్చర్ పలచబడి, అంటే గాలికి తగినంత పెట్రోల్ అందక, వేడెక్కింది. చుట్టూ నాలుగు వైపులా గీతలుంటే ఆయిల్ కలపకుండా ఉత్త పెట్రోల్ పోశారు, నేను పోయలేదని ఎంత చెప్పినా పిస్టన్ ఒప్పుకోదు. కార్బరేటర్ వైపు మసక మసకగా అరిగి ఉంటే ఫిల్టర్ దాటి రంపపు పొడి లోపలికి పోయింది.

పలచబడటానికి చాలాసార్లు మూలం గాలి లీకేజీ. క్రాంక్ రెండు వైపులా ఉండే ఆయిల్ సీళ్లు, కార్బరేటర్‌కు సిలిండర్‌కు మధ్య ఉండే రబ్బరు, సిలిండర్ కింది ప్యాకింగ్. వీటిలో ఏది పీల్చినా కార్బరేటర్ దాటి దొంగ గాలి వస్తుంది. ఆ గాలితో పాటు పెట్రోల్ రాదు, అంటే ఆయిలూ రాదు. రేసు వదిలినా మిషన్ తగ్గకుండా అరుస్తూ ఉంటే, స్లో రన్నింగ్ ఒకసారి ఎక్కువ ఒకసారి తక్కువ అవుతుంటే అది లీకేజీ లక్షణం.

పట్టుకోవడం కష్టం కాదు. సైలెన్సర్ విప్పి ఆ మూతిని సైకిల్ ట్యూబ్ ముక్కతో మూసి బిగించండి. కార్బరేటర్ తీసి అక్కడ ఒక గొట్టం పెట్టి 0.5 బార్ గాలి ఎక్కించండి. నేను మొదట్లో పాత బీపీ మిషన్ బల్బు, గడియారం వాడాను. అది 300 దాకా చూపిస్తుంది, అంటే 0.4 బార్. లీకేజీ వెతకడానికి సరిపోతుంది. ముల్లు దిగుతుంటే సబ్బు నీళ్లు పూయండి, బుడగ వచ్చిన చోటే దొంగ. తర్వాత గాలి లోపలి నుంచి పీల్చి కూడా చూడాలి. ఒత్తిడికి ఆగిన సీలు పీల్చినప్పుడు ఆగకపోవచ్చు. ఈ పరీక్ష చేయకుండా కిట్ వేసే మెకానిక్ దగ్గరికి మళ్లీ పోకండి, అది నేనైనా సరే.

కట్టేటప్పుడు చూసుకోవాల్సినవి ఏంటియి?

పిస్టన్ మీద బాణం గుర్తు సైలెన్సర్ వైపు. రింగు నోరు గాడిలో ఉన్న చిన్న పిన్ను దగ్గర కలవాలి, పక్కకు జరిగితే సిలిండర్ దించేటప్పుడే విరుగుతుంది. పిస్టన్‌ను కడ్డీకి కలిపే పెద్ద పిన్ను లాక్ నోరు పైకో కిందికో చూడాలి, పక్కకు కాదు. చవక కిట్లలో వచ్చే లాక్‌లను నేను నమ్మను. అవి ఊడితే కొత్త సిలిండర్‌ను దున్నేస్తాయి. రింగును ఒంటరిగా సిలిండర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో నోటి సందు చూసుకోండి, 45 మిల్లీమీటర్ల బోర్‌కు 0.2 దగ్గర ఉంటే బాగు.

క్లచ్ విప్పడానికి చాలామంది తిప్పలు పడతారు. దాని మర ఉల్టా, గడియారం తిరిగే వైపు తిప్పితే ఊడుతుంది. పిస్టన్ కదలకుండా ఆపడానికి ప్లగ్ బొక్కలోంచి స్క్రూడ్రైవర్ దూర్చొద్దు, పిస్టన్ నెత్తికి బొక్క పడుతుంది. పాత స్టార్టర్ తాడును ముడి వేసి దూర్చండి.

లీటరుకు ఆయిల్ ఎంత పోయాలె తమ్మీ? నేనైతే జర ఎక్కువనే పోస్త, ఇంజన్‌కు మంచిదని.

కాకా, కంపెనీ 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లు, 25:1 అంటే 40. చైనా మిషన్లకు 25:1 రాసి ఉంటుంది. మంచి ఆయిల్ వాడితే 30 చాలు. జర ఎక్కువ అనే మాటతోనే వస్తుంది చిక్కు. డబ్బాలో ఆయిల్ పెరిగితే పెట్రోల్ పాలు తగ్గుతుంది, ఇంజన్‌కు మిక్చర్ పలచనైనట్టే లెక్క. పైగా మసి. ఆయిల్ డబ్బా మీద జాసో ఎఫ్‌సి లేదా ఎఫ్‌డి (టూ స్ట్రోక్ ఆయిల్ నాణ్యత గుర్తు) అని ఉన్నది తీసుకోండి. బైక్‌లో పోసే ఫోర్ స్ట్రోక్ ఆయిల్ దీనికి పనికిరాదు.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇ20, అంటే 20 శాతం ఇథనాల్. ఇథనాల్ గాలిలోని తేమను పీలుస్తుంది. వానాకాలం నెల రోజులు డబ్బాలో ఉంచితే నీళ్లు అడుక్కు చేరి విడిపోతుంది. పాత మిషన్ల పెట్రోల్ పైపు, కార్బరేటర్ లోపలి పల్చటి పొరలు దానికి గట్టిపడతాయి. వారం పది రోజులకు సరిపోయేంతే కలుపుకోండి. మిషన్ మూలకు పెట్టేటప్పుడు ట్యాంకు ఖాళీ చేసి, ఆగిపోయేదాకా నడపండి.

సైలెన్సర్‌ల బొక్కలు కొడితే పవర్ పెరుగుతదట గదా?

పెరుగుతుంది. ఖర్చు లేకుండా వచ్చే పవర్ ఇదొక్కటే. నిజం చెప్పాలంటే మామూలు మిషన్‌కు ఇది చేసి ఆపేస్తే చాలని నా అభిప్రాయం.

కంపెనీ వాళ్లు శబ్దం కోసం, పొగ నిబంధనల కోసం సైలెన్సర్ మూతిని బిగించి పెడతారు. కాలిన గాలి పూర్తిగా బయటికి పోకపోతే కొత్త మిక్చర్‌కు చోటుండదు. అందుకే మూతి పెంచాలి. ఎంత పెంచాలన్నదే అసలు సంగతి. సిలిండర్ ఎగ్జాస్ట్ పోర్టు వైశాల్యంలో 70 నుంచి 80 శాతం దగ్గర ఆగాలి. ఉదాహరణకు పోర్టు 24 మిల్లీమీటర్ల వెడల్పు, 14 ఎత్తు ఉంటే 336 చదరపు మిల్లీమీటర్లు. దానిలో ముప్పాతిక 250. లోపలి వ్యాసం 18 మిల్లీమీటర్లున్న బొక్క ఒకటి పెడితే అంత వస్తుంది. పాత మూతి అట్లాగే ఉంచితే దాని వైశాల్యం ఇందులోంచి తీసేయాలి. కంపెనీ మూతి ఎంత చిన్నదో ఇలా లెక్కేస్తేగానీ తెలియదు.

సైలెన్సర్ విప్పకుండా, డ్రిల్ మిషన్ పెట్టి ఎదురుగా నాలుగు బొక్కలు కొట్టి తెచ్చేవాళ్లున్నారు. ఇనుప పొడి పోర్టులోంచి సిలిండర్‌లో పడింది, గీతలు పెట్టింది, అయిపోయింది. విప్పి, బయట పెట్టి కొట్టాలి. లోపల అడ్డు రేకు ఉంటే దానికీ దారి ఇవ్వాలి. పొగ వచ్చే దిక్కు చెయిన్ కవర్ ప్లాస్టిక్ మీదికీ, మనిషి మొహం మీదికీ ఉండకూడదు.

జాలీ మాత్రం తిరిగి పెట్టాలి. మనది ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి నుంచి మే దాకా ములుగులోనైనా, కవ్వాల వైపైనా కింద మోకాలి లోతు ఎండుటాకు. జాలీ లేని సైలెన్సర్ నుంచి ఒక్క మసి నిప్పు రాలితే చాలు. జాలీ తీసేయమని అడిగిన మిషన్‌ను నేను చేయను, ఎంత ఇస్తానన్నా సరే.

ఇంకోటి. బొక్క కొట్టినంత మాత్రాన పని అయిపోదు. గాలి ఎక్కువ వెళుతోంది కాబట్టి పెట్రోల్ కూడా పెంచాలి, లేకపోతే పలచబడి పట్టేస్తుంది. సైలెన్సర్ కోసి కార్బరేటర్ తిప్పనివాళ్లే మా షెడ్డుకు పట్టేసిన మిషన్లతో వస్తారు.

మరి కార్బరేటర్ ఎట్ల తిప్పాలె?

మూడు స్క్రూలుంటాయి. ఎల్ అంటే స్లో, హెచ్ అంటే ఫుల్ రేసు, ఎల్ఏ అంటే ఐడిలింగ్. ఎల్, హెచ్ రెండూ మెత్తగా బిగించి (గట్టిగా బిగిస్తే సూది నలుగుతుంది) ఒక్కో చుట్టు వెనక్కి తిప్పి మొదలుపెట్టండి. వేడెక్కేదాకా నడపండి. ఎల్‌ను రేసు కొట్టగానే తడబడకుండా లేచేలా పెట్టి, ఎల్ఏతో చైన్ తిరగకుండా ఇంజన్ ఆగకుండా ఉండే చోట నిలపండి.

హెచ్ దగ్గర చెవి కావాలి. కట్టెలో పెట్టకుండా ఫుల్ రేసు కొడితే గొంతులో కఫం ఉన్నట్టు గరగర రావాలి. కట్టెలోకి దించగానే ఆ గరగర పోయి సాఫీగా పలకాలి. బయటికి తీస్తే మళ్లీ గరగర. అలా ఉంటే సరిగ్గా ఉంది. కట్టెలో కూడా గరగర పోకపోతే హెచ్ కొంచెం బిగించాలి. బయట కూడా ఈల వేసినట్టు సన్నగా, నున్నగా అరుస్తుంటే అది మీకు తీయగా వినిపించినా పిస్టన్ చావు కేకే, వెంటనే వెనక్కి తిప్పండి. కొత్త రకం కాయిల్స్ ఉన్న మిషన్లలో స్పీడ్ దాటగానే కాయిలే కరెంటు కోస్తుంది, అదీ గరగరలాగే వినిపిస్తుంది. అలాంటివాటికి మీటర్ పెట్టి చూడాల్సిందే. కొన్ని చిన్న మిషన్లలో హెచ్ స్క్రూ ఉండదు, స్టిల్ ఎం-ట్రానిక్ (ఎలక్ట్రానిక్ కార్బరేటర్) మిషన్లలో ఏ స్క్రూ ఉండదు.

కాలాన్ని మరిచిపోవద్దు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో సరిచేసిన మిషన్‌ను డిసెంబర్ పొద్దున ఆదిలాబాద్ చలిలో నడిపితే పలచబడుతుంది. చల్ల గాలి చిక్కన, కాబట్టి పెట్రోల్ చాలదు. దసరా దాటినాక ఒకసారి, శివరాత్రి దాటినాక ఒకసారి చూపించుకోండి.

సిలిండర్ కింది ప్యాకింగ్ తీసేస్తే కంప్రెషన్ పెరుగుతదా?

పెరుగుతుంది, కానీ కొలవకుండా తీయొద్దు. పిస్టన్ పైకి వచ్చి నిలిచినప్పుడు దానికీ హెడ్‌కూ మధ్య ఉండే సందు చూడాలి. టంకం తీగ ముక్కను ప్లగ్ బొక్కలోంచి సిలిండర్ గోడ తగిలేదాకా దూర్చి, మ్యాగ్నెట్‌ను (ఫ్లైవీల్) చేత్తో తిప్పి పిస్టన్‌తో నొక్కించండి. చదునైన కొసను వెర్నియర్‌తో కొలవండి. పిన్ను దిశలోనే రెండు పక్కలా కొలవాలి, లేకపోతే పిస్టన్ ఊగి తప్పు లెక్క వస్తుంది. 0.9 వచ్చి, ప్యాకింగ్ మందం 0.4 ఉంటే తీయొచ్చు, 0.5 మిగులుతుంది. అంతకంటే తగ్గితే బేరింగ్ ఆటకు, వేడికి సాగే కడ్డీకి చోటుండదు, పిస్టన్ హెడ్‌ను కొడుతుంది. ప్యాకింగ్ బదులు అనాబాండ్ లాంటి సీలెంట్ పల్చగా పూసి, మొత్తం ఆరాకే స్టార్ట్ చేయాలి.

సిలిండర్ కిందికి దిగడంతో ఎగ్జాస్ట్ కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటుంది, ఇన్‌టేక్ కొంచెం ముందుగా తెరుచుకుంటుంది. లోడ్ మీద గుంజే బలం పెరగడానికి అదీ ఒక కారణం. ఎంఎస్ 180, ఎంఎస్ 250 లాంటివాటికి అసలు ఆ ప్యాకింగే లేదు, కంపెనీలోనే సీలెంట్‌తో అతికిస్తారు. అక్కడ తీయడానికేమీ లేదు.

పోర్టింగ్ చేస్తవా? ఆర్‌ఎక్స్ 100కి చేసినట్టు.

పోర్టింగ్ అంటే పోర్టులను గీకి సైజు, ఆకారం మార్చడం. చేస్తాను, అందరికీ కాదు. గోడకు మేకు కొట్టి ఒక సిలిండర్ వేలాడదీశాను, పోర్టింగ్ అడిగిన పిల్లలకు ముందు అది చూపిస్తాను. నేను మొదట చేసిన పోర్టింగ్ అది. ఆర్‌ఎక్స్ 100కి విన్న లెక్కను దీనికి పెట్టి ఎగ్జాస్ట్ పోర్టు పైకప్పును రెండు మిల్లీమీటర్లు లేపాను. కట్టె లేకుండా కందిరీగలా అరిచింది, సంబరపడ్డాను. చింత మొద్దులో పెడితే సగం లోతుకు కూడా పోకుండా చతికిలపడింది.

ఎందుకంటే, 36 మిల్లీమీటర్ల స్ట్రోక్ ఉన్న ఇంజన్‌లో పోర్టు పైకప్పు ఒక మిల్లీమీటర్ లేపితే తెరుచుకునే క్షణం మూడు డిగ్రీలకు పైగా ముందుకు జరుగుతుంది. మూసుకోవడం కూడా అంతే ఆలస్యమవుతుంది. మంటకు పిస్టన్‌ను తోసే సమయం తగ్గుతుంది, కంప్రెషన్ కూడా తగ్గుతుంది. బైక్‌కు గేర్లున్నాయి, ఇంజన్‌ను ఎప్పుడూ పై స్పీడ్‌లో ఉంచుకోవచ్చు. చైన్ సాకు ఒకటే గేరు, కట్టెలో స్పీడ్ పడిపోయినా అక్కడే గుంజాలి. ఎక్స్‌పాన్షన్ చాంబర్ (మధ్యలో ఉబ్బిన సైలెన్సర్ గొట్టం) పెట్టమని అడిగేవాళ్లకూ ఇదే జవాబు. పందెం మిషన్లకు పెడతారు, పనికి పనికిరాదు.

ఇప్పుడు నేను చేసే పోర్టింగ్ ఎత్తులో కాదు, వెడల్పులో. ముందు డిగ్రీ చక్రం క్రాంక్‌కు తగిలించి ఉన్న లెక్క రాసుకుంటాను. పిస్టన్ పైనుంచి దిగేటప్పుడు ఎగ్జాస్ట్ 100 డిగ్రీల దగ్గర, ట్రాన్స్‌ఫర్లు (కింది గదిలోంచి కొత్త మిక్చర్ పైకి వచ్చే పోర్టులు) 120 దగ్గర తెరుచుకుంటే పని మిషన్‌కు బాగుంటుంది. మధ్య 20 డిగ్రీల తేడాలో కాలిన గాలి బయటికి పోతుంది. పోర్టు వెడల్పు బోర్‌లో 60, 65 శాతం దాటనివ్వను, దాటితే రింగు బయటికి ఉబికి అంచుకు తగులుతుంది. పిస్టన్ అంచు కూడా చూసుకోవాలి. పిస్టన్ పైన ఉన్నప్పుడు దాని కింది అంచు ఎగ్జాస్ట్ పోర్టును పూర్తిగా కప్పి ఉంచకపోతే కింది గదిలోని మిక్చర్ నేరుగా సైలెన్సర్‌లోకి పోతుంది.

గ్రైండర్ పెట్టిన ప్రతి అంచునూ చివరికి గుండ్రంగా మళ్లించాలి. కోసుగా వదిలితే రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది, లేదా పూత పొరలుగా లేస్తుంది. గంట పని పోర్టుకైతే రెండు గంటల పని అంచుకు. చవక కిట్ సిలిండర్లలో కంపెనీ నుంచే పూత అంచులు పోర్టులోకి వేలాడుతూ ఉంటాయి, పోర్టింగ్ వద్దన్నా వాటిని మాత్రం సాఫ్ చేయించుకోండి.

పెరిగిందో లేదో మాటల్లో కాదు, కోతలో చూడండి. ఒకే నీలగిరి మొద్దు, ఒకే చైన్, పని ముందు మూడు కోతలు, పని తర్వాత మూడు కోతలు, ఫోన్‌లో స్టాప్‌వాచ్. తేడా రాకపోతే డబ్బులివ్వకండి.

మ్యాగ్నెట్ చావి రాసి టైమింగ్ ముందుకు జరిపితే?

పెరుగుతుంది కొంచెం. తాడు ఎదురు తన్ని వేళ్లు విరిగే అవకాశం దానికంటే ఎక్కువ పెరుగుతుంది. మన ఎండలకు నేను వద్దంటాను.

58 సీసీకి 30 ఇంచుల ప్లేటు వేయొచ్చా?

ప్లేటంటే చైన్ చుట్టూ తిరిగే పొడుగు బార్. వేస్తే పడుతుంది. లోపలి ఆయిల్ పంపు అంత పొడుగుకు ఆయిల్ అందించదు, ఇంజన్ అన్ని పళ్లను ఒకేసారి లాగలేదు. 20, 22 ఇంచుల దగ్గర ఆగండి. లావు చెట్టయితే రెండు వైపుల నుంచి కోయండి. గట్టి కట్టె ఎక్కువ కోసేవాళ్లకు 20కి బదులు 18 వేస్తే మిషన్ కొత్తదానిలా అనిపిస్తుంది, ఇది పోర్టింగ్ కంటే చవక.

చైన్‌కు బైక్‌ల పాత ఇంజన్ ఆయిల్ పోస్తున్న, నడుస్తది గదా?

నడుస్తుంది, పంపును తినేదాకా. పాత ఆయిల్‌లో ఇనుప రజను ఉంటుంది, పైగా పలచనై చైన్ కొస నుంచి చిమ్మిపోతుంది. దొరికితే చైన్ ఆయిల్, లేకపోతే 90 నంబర్ గేర్ ఆయిల్, చలికాలంలో దానికి కొంచెం కొత్త ఇంజన్ ఆయిల్ కలుపుకోండి. ప్లేటు కొసను తెల్ల కాగితానికి దగ్గరగా పెట్టి రేసు కొడితే సన్న ఆయిల్ గీత పడాలి.

చైన్ బ్రేక్ ఊకె పడుతున్నది, తీసేయమంటే తీస్తవా?

తీయను. బాగుచేస్తాను. పవర్ పెంచిన మిషన్‌కు బ్రేక్ ఇంకా ఎక్కువ అవసరం. ప్లేటు పై కొస కట్టెకు తగిలితే మిషన్ మొహం మీదికి లేస్తుంది, మనిషి కన్నురెప్ప వేసేలోపే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం అడవిలో సుడిగాలికి యాభై వేల దాకా చెట్లు కూలాయి గుర్తుందా? అట్లా ఒకదాని మీద ఒకటి పడ్డ చెట్లలో ఏ కొమ్మ విల్లులా వంగి ఉందో, ఏది కోస్తే ఏది లేస్తుందో పైకి తెలియదు. అట్లాంటి చోట బ్రేక్ లేని మిషన్ పట్టుకోవడం అంటే... నేను చెప్పను, మీ ఇంట్లోవాళ్లను అడగండి. సైలెన్సర్ కోయించుకున్నవాళ్లు చెవులకు కూడా ఏమన్నా పెట్టుకోండి.

మిషన్ పవర్ పెంచితే ఫారెస్టోళ్లు పట్టుకుంటరా?

పవర్‌ను కాదు, కోసే చెట్టును చూస్తారు. సొంత పొలంలో చెట్టుకైనా 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం కింద అనుమతి సంగతి ముందు కనుక్కోండి. రిజర్వ్ ఫారెస్టులో దొరికితే 1967 అటవీ చట్టం కింద కట్టెతో పాటు మిషన్, బండి కూడా పోతాయి. ఎవరి మిషనో, ఎక్కడ కోస్తారో నేను అడుగుతాను. కోపం తెచ్చుకోవద్దు.

బాగు చేయించాల్నా, కొత్తది కొనాల్నా?

క్రాంక్ బేరింగ్ బాగుండి సిలిండర్ కిట్, సీళ్లతో పోయేదైతే చేయించండి. క్రాంక్ కూడా పోతే చైనా మిషన్‌ను స్పేర్ పార్టుల కింద ఉంచుకుని కొత్తది కొనండి. 382 లాంటి పెద్ద మిషన్ అయితే క్రాంక్ పోయినా కట్టించడం లాభమే.

కట్టినంక ఎట్ల నడపాలె?

మొదటి మూడు ట్యాంకులు ఆయిల్ కొంచెం ఎక్కువ, లీటరుకు 40 మిల్లీలీటర్లు. హెచ్ స్క్రూ కొంచెం వదులుగా. ఖాళీగా ఫుల్ రేసు కొట్టి ఊళ్లో వాళ్లకు వినిపించొద్దు. చిన్న కట్టెల్లో పెట్టి లోడ్ మారుస్తూ కోయండి, రింగులు కూర్చునేది అట్లాగే. మొదటి ట్యాంకు అయినాక చల్లారనిచ్చి సైలెన్సర్ బోల్టులు, సిలిండర్ బోల్టులు ఒకసారి బిగించండి. నాలుగో ట్యాంకుకు షెడ్డుకు తెండి, హెచ్ మళ్లీ సరిచేస్తాను, దానికి డబ్బులు తీసుకోను. వచ్చేటప్పుడు వాడిన చైన్ కూడా తెండి, కొత్తది బిగించుకుని రావొద్దు.